నేల తాకిన చప్పుడు

"నా మీంచి దూకి వెళ్ళండి, చూద్దాం!" అంది తల్లి.

వీధి గుమ్మానికి అడ్డంగా చెక్కపెట్టెను ఈడ్చుకొచ్చి, దాని మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. డ్యూటీ కోసం వేసుకున్న తెల్ల యూనిఫాం నలిగిపోతున్నా పట్టించుకోలేదు. ఆసుపత్రిలో ఎముకల వార్డు నర్సు ఆవిడ. ఎంత గొడవలోనూ గొంతు లేవని మనిషి. ఇవాళ ఆ గొంతు వీధిలోకి వినిపిస్తోంది.

ఆ పెట్టె చేసింది ఆమె భర్తే. వడ్రంగం ఆయన పని. వాలీబాల్ కోచ్‌గా ఉన్న చెల్లెలు అడిగిందని, మోకాలి ఎత్తు కూడా లేని పెట్టెలు కొన్ని గట్టిగా చేసి ఇచ్చాడు. వాటి మీద నుంచి దిగాలి, పాదాలు నేలకు తగిలీ తగలగానే మళ్ళీ పైకి ఎగరాలి. క్లబ్బులో ఆడపిల్లలు ఆటకు ముందు వార్మప్‌లో చేసే గెంతులవి. నిన్న సాయంత్రం అలా దిగుతూనే బొంగరం కుప్పకూలిపోయింది.

బొంగరం అంటే జట్టులో బంతిని లేపి ఇచ్చే పిల్ల. గిర్రున తిరిగి బంతి ఎటు ఇస్తుందో ఎదుటివాళ్ళకు అందనివ్వదు కాబట్టి ఆ పేరు. ఆమె లేపిన బంతిని వలకు పైన కొట్టేది ఈ ఇంటి పిల్ల, మిడత. ఇద్దరూ ఒకే కంచం, ఒకే మంచం అన్నట్టు పెరిగారు.

"వదినా, లే. పెద్ద జట్టుకి పిల్లల్ని ఏరే సెలెక్టర్లు వచ్చే వేళవుతోంది," అంది మేనత్త. ఆమె మెడలో ఈల వేలాడుతోంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"రానీ. నిన్న ఆ పిల్ల బూటు కోసి తీసింది నేను. కాలు ముట్టుకోకముందే అరిచింది. ముట్టుకున్నాక అరవలేదు. ఎందుకో తెలుసా? స్పృహ తప్పింది."

మేనత్త చూపు దించుకుంది.

"ఆ మంచం మీద నా కూతురు ఉంటే ఏం చేస్తాను నేను? కత్తెర పట్టుకునే చెయ్యి ఉంటుందా నాకు?"

"గెంతుల వల్ల కాదు వదినా. చల్లబడిన ఒంటితో ఒక్కసారిగా ఎగిరితేనే ప్రమాదం. ముందు కాసేపు పరుగు, కాళ్ళు ఊపడం, ఆ తర్వాత ఏవో నాలుగు గెంతులు. కాలు నేలను ఎంత తొందరగా వదిలితే మనిషి అంత పైకి లేస్తుంది. ఆ సంగతి కాళ్ళకి గుర్తు చేయడానికే అవి. ఒళ్ళు హూనం చేసుకోవడానికి కాదు."

"నువ్వు చదువుకుని చెబుతున్నావు. నేను కట్లు కట్టి చెబుతున్నా."

మేనత్త గోడకు ఆనుకుని, ఈల తాడును వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

తల్లి ఉన్నట్టుండి గొంతు తగ్గించింది. "ఒక్కటి అడుగుతా, నిజం చెప్పు. నువ్వు చెప్పినవే చేసిందా ఆ పిల్ల? అంతకంటే ఎక్కువేం చేయలేదు కదా?"

"చేయనిస్తానా? నేను లేకుండా పెట్టె ఎక్కితే జట్టులోంచి తీసేస్తానని అందరికీ చెప్పాను."



కింద కూర్చుని బూటు తాడు కట్టుకుంటున్న మిడత, ముడి పడ్డాక కూడా దాన్నే బిగిస్తూ ఉండిపోయింది. వంటింటి గుమ్మంలో, జుట్టులో చెక్కపొట్టుతో నిలబడ్డ తండ్రి టీ గ్లాసు తాగకుండానే గట్టు మీద పెట్టేశాడు. ఆయన కూతురివైపు చూశాడు. కూతురు తల ఎత్తలేదు.

ఆ పెట్టె కాకుండా ఇంకొకటి ఉంది. దీనికంటే చాలా ఎత్తుది, పెరట్లో ఆయన పని షెడ్డులో. 'అత్త చేయమంది నాన్నా' అని మిడత చెబితే నెల కిందట చేశాడు. రోజూ పొద్దున్నే, మేనత్త మేడ మీద నుంచి దిగకముందే, ఇద్దరు పిల్లలూ షెడ్డులో చేరేవాళ్ళు. 'కాసిని గెంతులతోనే ఇంత ఎగురుతున్నాం కదే, ఇంకాసిని చేస్తే ఆకాశమే' అన్నది బొంగరం లెక్క. ఆ లెక్కకు మిడత తలూపింది. కాళ్ళు కూలబడేదాకా దూకేవాళ్ళు. సాయంత్రం ఏమీ ఎరగనట్టు క్లబ్బుకు వెళ్ళి, అత్త ముందు మళ్ళీ దూకేవాళ్ళు.

మిడతకు నిన్నటి నుంచి అన్నం సయించడం లేదు. స్నేహితురాలి కోసం ఎంతో, తన కోసమూ అంత. ఎడమ మోకాలి చిప్ప కింద, వేలు పెడితే చాలు, కాల్చిన మేకు దిగినట్టుగా ఉంది. అది నిన్న మొదలైంది కాదు. ఎన్నాళ్ళుగానో ఉంది.

తల్లి ఒక్కొక్కరి ముఖమూ చూసింది. రోగులు దాచుకునే నొప్పిని ముఖంలో వెతకడం ఆమెకు అలవాటు. ఇంట్లో ఏదో ఉందని అర్థమైంది. ఏమిటో అర్థం కాలేదు.

పెట్టె మీద నుంచి లేచింది.

"సరే. వెళ్దువుగాని," అంది కూతురితో. "ముందు నాతో ఆసుపత్రికి రా. ఆ పిల్ల మోకాలు నీ కళ్ళతో చూడు. చూశాక కూడా దూకాలనిపిస్తే దూకు. నేను అడ్డం రాను."

"వదినా, సెలెక్షన్‌కి ముందు పిల్లని బెదరగొట్టడం..."

"బెదరనీ. మీ అందరిలో ఒక్కరైనా బెదరాలి."

* * *

బొంగరం మంచం కిటికీ పక్కన ఉంది. కుడికాలు దిండ్ల మీద ఎత్తి పెట్టారు. పట్టీల మధ్య కనిపిస్తున్న మోకాలు మోకాలిలా లేదు. ఉబ్బి, నున్నగా, పక్కకు ముదురు రంగు తిరిగి ఉంది. మిడత ఒకసారి చూసి చూపు తిప్పేసుకుంది. మళ్ళీ చూడకుండా ఉండలేకపోయింది.

"తాడు తెగిన బొంగరాన్ని చూడ్డానికి వచ్చావా?" అంది బొంగరం. నవ్వబోయింది. పెదాలు పొడిబారి ఉన్నాయి.

"మీ నాన్న ఏరీ?"

"మందులకి వెళ్ళాడు. వచ్చేలోపు వెళ్ళిపో. నిన్ను చూస్తే మీ అత్త గుర్తొచ్చి మళ్ళీ మొదలుపెడతాడు."

మిడత మంచం అంచున కూర్చోబోయి, కాలికి తగులుతుందేమోనని భయపడి లేచి నిలబడింది.

"లోపల లిగమెంట్ తెగిందట. రేపు ఆపరేషన్. మళ్ళీ నడుస్తానా అని మీ అమ్మని అడిగితే నడుస్తావంది. మళ్ళీ ఎగురుతానా అని అడిగితే మంచినీళ్ళు తెస్తానని వెళ్ళిపోయింది."

మిడత దుప్పటి అంచు సర్దింది.

"నాకు ముందే తెలిసిందే," అంది బొంగరం నెమ్మదిగా. "నిన్న మధ్యాహ్నం నుంచే మోకాలు వణుకుతోంది. మెట్లు దిగుతుంటే ఎవరిదో కాలు అరువు తెచ్చుకున్నట్టుంది. అత్తకి చెబుదామనుకున్నా. చెబితే పక్కన కూర్చోబెడుతుంది కదా అని నోరు మూసుకున్నా." ఆగి, మిడత కాళ్ళవైపు చూసింది. "నీకేం లేదు కదా?"

"లేదు."

"ఒట్టు?"

"ఏం లేదే," అంది మిడత.

బొంగరం చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"షెడ్డు సంగతి ఎవరికీ చెప్పకు. నాన్న సంగతి నీకు తెలుసు కదా. కోచ్ తప్పు అనుకుంటే తిడతాడు, క్లబ్బు మీద అరుస్తాడు, కాలు బాగయ్యాక వేరే క్లబ్బుకి పంపుతాడు. నా తప్పే అని తెలిస్తే మాత్రం ఇక బంతి ముట్టుకోనివ్వడు. ఆపరేషన్‌కి భయం లేదు నాకు. దానికే భయం."

"మరి అత్త?"

బొంగరం కిటికీ వైపు తిరిగింది. "పెద్దది కదా. ఎలాగో తట్టుకుంటుంది."

అన్న తర్వాత దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. దుప్పటి కింద ఆమె భుజాలు కదలడం మిడతకు కనిపించింది.

వార్డు బయట వరండాలో తల్లి చేతిలో ట్రేతో నిలబడి ఉంది. "చూశావుగా?"

"నాకు భయంగా ఉందమ్మా."

ఆ మాట అనిపించాలనే తల్లి పిల్లను అక్కడిదాకా తీసుకొచ్చింది. తీరా విన్నాక ఆమె ముఖంలో గెలుపు లేదు. ట్రే కిటికీ గట్టు మీద పెట్టి, కూతురి చెంప నిమిరింది.

"వెళ్ళి ఆ మాట మీ అత్తకి చెప్పు. నేను చెబితే కోపంలా వినిపిస్తుంది. నువ్వు చెబితే వింటుంది."

* * *

తండ్రి ఆసుపత్రి గేటు దగ్గర స్కూటర్ మీద ఎదురుచూస్తున్నాడు. మిడతను ఎక్కించుకుని క్లబ్బుకు బయల్దేరాడు. లోపలికి మలుపు తిరిగేచోట ఆపి, వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"ఆ ఎత్తు పెట్టె మీ అత్త చేయమనలేదు కదూ?"

మిడత ఆయన వీపు వైపు చూసింది. చొక్కా చెమటతో అంటుకుని ఉంది.

"లేదు నాన్నా."

ఆయన తల పంకించాడు. చాలాసేపు పంకిస్తూనే ఉన్నాడు.

"నిన్న రాత్రి నుంచీ దానికి నునుపు పట్టానా, అంచులు గుచ్చుకుంటాయేమోనని గుండ్రంగా చేశానా అనే ఆలోచిస్తున్నా," అన్నాడు. "దాన్ని చేయడమే తప్పని తోచలేదు నాకు. దిగు. నేను ఇక్కడే నీడలో ఉంటా."

లోపల సెలెక్టర్లు ఇద్దరు బల్ల వేసుకుని కూర్చున్నారు. నెరిసిన జుట్టావిడ ఒకరు, టోపీ పెట్టుకున్న ఆయన ఒకరు. పక్కనే క్లబ్బు కార్యదర్శి. ఆయన పొద్దున్నే హుకుం జారీ చేశాడు: ఇవాళ గెంతుల వార్మప్ లేదు, పిల్లలంతా కింద కూర్చుని కాళ్ళు చాచుకుంటే చాలు. మేనత్తను కోర్టు గీత అవతల నిలబెట్టారు. ఆమె ఎవరిదో తప్పిపోయిన పిల్లలా నిలబడి ఉంది.

గోడకు కొలత పలక బిగించారు. వేళ్ళకు సుద్ద రాసుకుని, నిలబడ్డచోటు నుంచే పైకి ఎగిరి, అందినంత ఎత్తున గుర్తు పెట్టాలి. పిల్లలు ఒక్కొక్కరే ఎగురుతున్నారు. చాలాసేపు కూర్చుని ఒళ్ళు బిగుసుకుపోయి, ఎవరూ తమ మామూలు ఎత్తు దాకా వెళ్ళడం లేదు.

మిడత వంతు వచ్చింది. మోకాళ్ళు వంచింది. దిండ్ల మీద ఉన్న ఆ మోకాలు కళ్ళ ముందుకొచ్చింది. ఎగిరింది.

సుద్ద గుర్తు చూసి వెనకాల పిల్లలు గుసగుసలాడారు. రోజూ ఆమె చెయ్యి తగిలే చోటుకు ఇది జానెడు కింద ఉంది.

"ఈ అమ్మాయేనా మీరు చెప్పిన మిడత?" అన్నాడు టోపీ ఆయన. కార్యదర్శి ఇబ్బందిగా దగ్గాడు.

గీత అవతల నుంచి మేనత్త అంది, "ఇంకో అవకాశం ఉంది కదండీ. దానికి ముందు ఒళ్ళు వేడెక్కించుకోవడానికి కాస్త టైమివ్వండి. పెట్టెలేమీ వద్దు. ఉత్త నేల మీదే."

"మేడమ్, నిన్న జరిగింది చాలదా?" అన్నాడు కార్యదర్శి.

నెరిసిన జుట్టావిడ చెయ్యెత్తి ఆయన్ని ఆపింది. "ఇవ్వండి. వీళ్ళు చెక్కల్లా ఎగురుతున్నారు. నేను చూస్తూనే ఉన్నాను."

మైదానం మూలకు వెళ్ళారు అత్తా కోడళ్ళు.

"ఏం చూశావో అది పక్కన పెట్టు," అంది మేనత్త. "ముందు పరిగెత్తు. మెల్లగా."

మిడత పరిగెత్తింది. కాళ్ళు ఊపింది. తర్వాత మడమలు నేలకు ఆనకుండా, మునివేళ్ళ మీదే చిన్న చిన్న గెంతులు. భయంగా ఉందన్న మాట నాలుక చివరే ఉంది. కానీ ఒళ్ళు వేడెక్కుతున్నకొద్దీ, ఆమె ప్రమేయం లేకుండానే, పిక్కల్లోకి పాత బలం వచ్చి చేరుతోంది. నేల తనను పైకి విసురుతున్నట్టుంది. ఇప్పుడు ఎగిరితే రోజూ చెయ్యి తగిలే చోటు అందుతుంది. అది ఆమెకు స్పష్టంగా తెలుసు.

అందుకున్నాక కిందికి దిగాలి. దిగడమే భయం.

"ఇప్పుడు పెద్దవి. మూడే. దిగగానే లే," అని మేనత్త కళ్ళు మూసుకుంది.

ఆమె పద్ధతి అది. పిల్లల గెంతులు కళ్ళతో కాదు, చెవులతో చూస్తుంది. బాగా దిగితే చప్పుడే ఉండదంటుంది.

మిడత ఎగిరి దిగింది.

మేనత్త నుదురు ముడిపడింది. "ఇంకోసారి."

దిగింది.

"రెండు చప్పుళ్ళు వస్తున్నాయి," అంది మేనత్త కళ్ళు తెరవకుండానే. "ఒక పాదం ముందు, ఇంకోటి వెనక. ఏ కాలు దాస్తున్నావు?"

మిడత ఎడమ కాలు వెనక్కి లాక్కుంది.

"ఏం లేదత్తా..."

మేనత్త కళ్ళు తెరిచి, వంగి ఎడమ మోకాలి చిప్ప కింద బొటనవేలు ఆనించింది. నొక్కనైనా లేదు. మిడత పళ్ళ బిగువున ఆపిన కేక బయటికి రాలేదు గానీ, కళ్ళల్లోంచి నీళ్ళు జలజలా రాలాయి.

ఇక అన్నీ వచ్చేశాయి. షెడ్డు, ఎత్తు పెట్టె, నాన్నకు చెప్పిన అబద్ధం, పొద్దుటి గెంతులు, బొంగరం మోకాలి వణుకు. ఆసుపత్రిలో బొంగరం ఎవరికీ చెప్పొద్దని అడగడం కూడా. మాటల మధ్య వెక్కిళ్ళు వచ్చి చెప్పిందే మళ్ళీ చెప్పింది.

మేనత్త నేల మీద కూలబడింది. అరుస్తుందని మిడత ఎదురుచూసింది. అరవలేదు.

"ఎన్నాళ్ళ నుంచి నొప్పి?"

"చాలా రోజులైంది."

"నన్నెందుకు అడగలేదు, ఎక్కువ చేయొచ్చా అని?"

"వద్దంటావని."

"అనేదాన్ని," అంది మేనత్త. "మీరిద్దరూ నిన్న సాయంత్రం కాళ్ళు ఈడుస్తూనే ఉన్నారు. నేను చూశాను. సెలెక్షన్ దగ్గరపడిందని కంగారు అనుకున్నా. చూసి కూడా ఈల ఊదలేదు నేను."

అంతలో బల్ల దగ్గర నుంచి పిలుపు వచ్చింది. మేనత్త లేచి, లంగరేసినట్టు నిలబడిపోయిన కోడల్ని భుజం పట్టుకుని నడిపించింది.

"రెడీనా?" అన్నాడు టోపీ ఆయన.

"ఈ అమ్మాయి ఎగరదు," అంది మేనత్త. "మోకాలికి దెబ్బ ఉంది. ఇవాళ ఎగిరితే రేపు పక్క మంచం మీద ఉంటుంది."

కార్యదర్శి కుర్చీలోంచి సగం లేచాడు. "ఈ అమ్మాయి కూడానా? రెండో పిల్ల! దీనికేం చెబుతారు మేడమ్? మీ గెంతుల వల్లే కదా ఇదంతా?"

మేనత్త నోరు తెరిచి, ఆగింది. ఒక్క మాట చెబితే చాలు, ఆమె మీద మచ్చ పోతుంది. మిడత ఆ మాట కోసం ఊపిరి బిగబట్టింది. వస్తుందేమోనన్న భయం, రాదేమోనన్న భయం, రెండూ ఒకటయ్యాయి.

"అవును," అంది మేనత్త. "నా వల్లే. వేరే ఎవరినీ ఏమీ అడగొద్దు."

నెరిసిన జుట్టావిడ ఆమెను పరీక్షగా చూసింది. "ఆలోచించుకునే అంటున్నారా? మళ్ళీ ఏ పిల్లకీ మిమ్మల్ని నేర్పనివ్వరు."

"తెలుసండీ."

మెడలోంచి ఈల తీసి బల్ల మీద పెట్టింది.

అత్త ఆ ఈల లేకుండా ఎలా ఉంటుందో మిడతకు ఊహకైనా అందలేదు. బొంగరం చల్లటి చెయ్యి ఇంకా మణికట్టు మీదే ఉన్నట్టుంది. నోరు తెరవకూడదనుకుంది. అనుకుంటూ ఉండగానే మాట బయటికి వచ్చేసింది.

"అబద్ధం. అత్త అబద్ధం చెబుతోంది."

కార్యదర్శి ఆమెవైపు తిరిగాడు. సెలెక్టర్లు తిరిగారు. కానీ మేనత్త మాత్రం మిడతను చూడటం లేదు. ఆమె చూపు మిడత భుజం మీదుగా వెనక్కి పోయింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

మిడత వెనక్కి తిరిగింది.

మందుల సంచీ చేత్తో పట్టుకుని, వెల్డింగ్ నిప్పురవ్వలకు చిల్లులు పడ్డ చొక్కాతో, బొంగరం తండ్రి నిలబడి ఉన్నాడు. కోచ్ అంతు చూడాలని ఆసుపత్రి నుంచి తిన్నగా వచ్చినవాడు, ఆమె వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"చెప్పమ్మా," అన్నాడు, గొంతు ఏమాత్రం పెంచకుండా. "నిజం ఏంటి?"